ఆరుసార్లు వెనక్కి పోయిన గొంతు

"మేడం, నా వర్క్‌షాపులో ఎవరో ఒక గొంతును చంపుతున్నారు!"

మంగళవారం పొద్దున్నే, గొడుగైనా మడవకుండా లోపలికి వచ్చిన వర్క్‌షాపు యజమానురాలు అన్న మొదటి మాట అది.

తూకం మేడం ఆమెకు కుర్చీ చూపించింది. ఇరవై ఏళ్ళు ధాన్యం టోకు వ్యాపారం చేసి, తూకాల్లో మోసాలు పట్టీ పట్టీ, చివరికి మోసాలు పట్టడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి మేడం. అసలు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. సహాయకురాలు సొంత తోడికోడలే. అక్క ఊ అంటే అందులో ఏదో అర్థం ఉంటుందని ఆమె నమ్మకం.

"ముందు ఊపిరి పీల్చుకోండి. తర్వాత మొదటి నుంచి చెప్పండి" అంది మేడం.

"ఆపరేషన్‌తో మాట పోయేవాళ్ళు ముందే మా దగ్గరికి వస్తారు. వాళ్ళ మాటలు రికార్డు చేసుకుని, అచ్చం అదే గొంతుతో మాట్లాడే పెట్టె తయారుచేసి ఇస్తాం. అందుకు కావలసిన లెక్కలు క్లౌడ్‌లో అద్దె కంప్యూటర్లు చేస్తాయి. మేం పంపిన పని క్యూలో నిలబడుతుంది. వంతు రావడానికి ఒకటిన్నర రోజు, వచ్చాక పది గంటలు. దర్జీ గారి భార్య పని మాత్రం చేరి వారమైనా మొదలవలేదు. రోజూ ఎవరో రద్దు చేస్తున్నారు."

"ఆపరేషన్ ఎప్పుడు?"

"ఈ శుక్రవారం. గొంతు ముందే తయారైతే, ఎక్కడ సరిగా పలకలేదో విని, ఆమె చేత మళ్ళీ చెప్పించుకోవచ్చు. శుక్రవారం దాటితే చెప్పించడానికి గొంతే ఉండదు మేడం."

తోడికోడలు అప్పటికే చెప్పులు వేసుకుంది.

వర్క్‌షాపు రెండు గదులు. ఒక గదిలో గోడలకు నురుగు అట్టలు, మధ్యలో మైకు. రెండో గదిలో ఆపరేటరు, వయసు మళ్ళిన మనిషి, కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఆమె బల్ల మీదున్న మెమరీ కార్డు డబ్బా మూతలో ఒక నీలం దారం ముక్క ఇరుక్కుని ఉంది.

యజమానురాలు క్యూ పట్టీ అచ్చు తీసి ఇచ్చింది. దర్జీ భార్య పేరు ఆరు రోజులు వరసగా ఉంది. ప్రతిసారీ సాయంత్రం నాలుగు దాటాక రద్దు, ఐదు నిమిషాల్లో కొత్త నంబరుతో మళ్ళీ చేరిక. పక్కన రికార్డింగు నిడివి: నలభై నిమిషాలు, నలభై మూడు, నలభై ఏడు...

"పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?"

"అందరికీ ఒకటేనండీ" అంది ఆపరేటరు, తల ఎత్తకుండా.

"ఇక్కడ ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారు?"

"పదిహేనేళ్ళు. ఈ క్లౌడ్ వచ్చి నెలే. అంతకుముందు కంప్యూటర్లు ఈ గదిలోనే ఉండేవి. పుస్తకంలో వరసగా పేర్లు రాసుకునేవాళ్ళం. రికార్డు మార్చినా పేరు కదిలేది కాదు."

మేడం "ఊ" అంది. తోడికోడలి కళ్ళు మెరిశాయి.

నాలుగు గంటలకు దర్జీని, ఆయన భార్యను పిలిపించారు. దర్జీ చొక్కా నిండా దారపు పోగులు. భార్య గొంతు బొంగురు పోయింది గాని జోరు తగ్గలేదు. ఇద్దరూ బెంచీ మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు.

మేడం పట్టీని బల్ల మీద పరిచింది.

"దొంగ పడిన కొట్టులో సరుకు తగ్గాలి. ఇక్కడ రద్దయిన ప్రతిసారీ పెరుగుతోంది. తీసుకుపోయేవాడు దొంగ. రోజూ తెచ్చిపెట్టేవాడు ఇంటిమనిషే అవుతాడు. ఏం దర్జీ గారూ, ఈ నీలం దారం మీదేనా?"

దర్జీ నేల చూశాడు.

"ఇక్కడ రాసిచ్చిన వాక్యాలు చదివించారమ్మా. ఆకాశం నీలంగా ఉంది, నది మెల్లగా పారుతోంది... ముప్పై ఏళ్ళలో మా ఆవిడ ఆకాశం గురించి ఒక్క మాటన్నా అనలేదు. 'కాజా వంకరగా కుట్టారేంటి, కళ్ళు కత్తెరల పెట్టెలో పెట్టొచ్చారా' అంటుంది. అవీ మా ఆవిడ మాటలు! అందుకే ఫోన్ బొత్తాల డబ్బాలో దాచి రికార్డు చేశాను. రోజూ కాసిని తెచ్చి ఇస్తున్నాను."

"దొంగచాటుగానా? ఈ వయసులో ఇదేం బుద్ధండీ!" అంది భార్య.

దర్జీ ఆపరేటరు వైపు తిరిగాడు. "తల్లీ, ఇది కూడా రికార్డయిందా?"

ఆపరేటరుకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. "ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. పాతది తీసేసి కొత్తది పెట్టాను. వంతు పోదనుకున్నాను."

"పుస్తకంలో అయితే పోదు. ఈ క్యూ మనిషి పేరు చూడదు, నంబరే చూస్తుంది. కొత్త నంబరు వస్తే వరసలో చివరికే. మీరు రోజూ నాలుగింటికి ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి నిలబెట్టారు. ఒకటిన్నర రోజు వరసలో, రోజుకోసారి వెనక్కి పోతే ఎన్నటికి చేరతారు?"

దర్జీ ముఖం పాలిపోయింది. "అయితే... నా చేతులతో నేనే..."

"లాభానికి చేసినవాడైతే తిట్టేదాన్ని" అంది మేడం మెత్తగా. తర్వాత యజమానురాలి వైపు చూసింది. "ఈ తప్పులో మీ వాటా కూడా ఉంది. అందరికీ ఒకటే క్యూ పెట్టారు. టోకు కొట్టులో పాడైపోయే సరుకునూ ఇనుప మేకులనూ ఒకే వరసలో నిలబెడతామా? ఆపరేషన్ తేదీ ఉన్నవాళ్ళకు ఇంకో క్యూ పెట్టండి, దాని ప్రాధాన్యం పెంచండి. యంత్రాలు అవే ఉంటాయి. ఏది ఖాళీ అయినా ముందు అటు చూస్తుంది."

యజమానురాలు అక్కడికక్కడే కూర్చుని కొత్త క్యూ పెట్టింది. ఆపరేటరు పని పంపింది. ఇక ముట్టుకోనని ఈసారి తనే ఒట్టేసింది. ఏడింటికి ఒక యంత్రం ఖాళీ అయింది.

బుధవారం మధ్యాహ్నం అందరూ మళ్ళీ కూడారు. ఆపరేటరు టైపు చేసింది, పెట్టె మాట్లాడింది. కాజా గురించి, కళ్ళ గురించి, అచ్చం ఆవిడే. తోడికోడలు నోరు నొక్కుకుని నవ్వింది.

"బానే ఉంది. ఏదన్నా మెత్తగా అనిపించమ్మా" అంది భార్య.

ఆపరేటరు 'తిన్నారా' అని టైపు చేసింది. "తిన్నారా!" అని కసిరింది పెట్టె.

ఈసారి ఎవరూ నవ్వలేదు. భార్య మొగుడి వైపు తిరిగింది. "నేనెప్పుడూ మీతో మెత్తగా మాట్లాడనే లేదా?"

"మాట్లాడావే" అన్నాడు దర్జీ. "అలా మాట్లాడినప్పుడు నాకు ఫోన్ సంగతి గుర్తుండేది కాదు."

ఆమె లేచి, నురుగు అట్టల గదిలోకి వెళ్ళి మైకు ముందు కూర్చుంది.

"పెట్టమ్మా. వీళ్ళందరినీ బయటికి పొమ్మను. ఆయన్ని మాత్రం ఉండనియ్యి."

మేడం తోడికోడలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.