సగం మేకలు దిగేదాకా

ఎమ్మిగనూరులో మౌలాలి మొదటిసారి మాట పడింది ఒక చింతగింజ కోసం.

అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం. ఆదోనిలో వాళ్లది పరుపుల అంగడి. తండ్రి ఇమాం సాబ్ దూది ఏకుతాడు, మౌలాలి పరుపులు కుడతాడు. పరుపులకు కావలసిన చారల గుడ్డ కోసం ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల దగ్గరికి వచ్చిపోతుంటాడు. మనిషి మంచివాడే. ఒక్క తొందరే అతని శత్రువు. బస్సు ఆగకముందే దిగుతాడు, చాయ్ చల్లారకముందే నోట్లో పోసుకుని నాలుక కాల్చుకుంటాడు.

ఆ పొద్దున అతను వచ్చేసరికి నేతగాడు ఖాసిం సాబ్ వీధి మధ్యలో ఉన్నాడు. కర్రల మీద వీధి పొడుగునా పడుగు చాపి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతున్నాడు. పడుగుకు అవతలి కొసన పొరుగింటి హుసేనప్ప. గంజి ఆరేలోపల దారాలు ఒకదానికొకటి అంటుకోకుండా చూడాలి గనుక ఆ పని నడుస్తున్నంతసేపు వాళ్లు నోరు విప్పరు. ఖాసిం సాబ్ తల ఊపితే హుసేనప్ప పడుగును బిగించి లాగుతాడు. అంతే వాళ్ల మాటలు.

ఈ సంగతి మౌలాలి ఆ రోజే గమనించి ఉంటే చాలా కన్నీళ్లు తప్పేవి. కానీ అతని కళ్లు అప్పటికే అరుగు మీద ఉన్నాయి.

అరుగు బండ మీద పులిజూదం గీతలు చెక్కి ఉన్నాయి. బండకు ఒకవైపు ఖాసిం సాబ్ తల్లి సర్దార్‌బీ, చేతిలో తస్బీ పూసలు, కళ్ల నిండా పొరలు. ఆమె చూపు పోయినా ఆట పోలేదు. ఎక్కడ పెట్టాలో ఆమె చెబుతుంది, మనవరాలు హజరా పెడుతుంది.

“కూసో అప్పా. పడుగు ఆరేదాకా నీకు గుడ్డ రాదు. ఒక ఆట ఆడు,” అంది ముసలమ్మ.

పులులు మూడు, దారం చుట్టే కండెలు పగిలిన ముక్కలు. మేకలు చింతగింజలు. మౌలాలి అడక్కుండానే పులులు తీసుకున్నాడు. హజరా ఒక గింజ పెట్టింది. రెండో గింజ పెట్టిందో లేదో అతని పులి దానిమీంచి దూకింది. గింజ తీసి పక్కన పడేసి, గెలిచినట్టే కాలు మీద కాలు వేసుకున్నాడు.

“ఆ గింజ తీసినచోటే పెట్టు,” అంది హజరా, తల ఎత్తకుండా.

ఎందుకని అడిగాడు. సగం మేకలు బండ మీదికి దిగేదాకా పులి కొట్టకూడదని, ఉపవాసం ఉండాలని, అది తమ ఊరి రూలని ఆమె చెప్పింది. ఆదోనిలో అలాంటి రూలు లేదన్నాడు.

“ఆదోనిలో వీధిలో పడుగులు ఆరబెట్టరు గదా,” అంది.

అప్పుడు సర్దార్‌బీ నవ్వి అసలు సంగతి చెప్పింది. పడుగు ఆరేదాకా దాని పక్కన కాపలా ఉండాలి. కుక్కలు రాకూడదు, మేకలు రాకూడదు. పులి రెండు దూకుల్లో ఆట ముగించేస్తే ఆ తర్వాత కాపలావాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. అందుకని ఎప్పుడో పెద్దలు ఈ రూలు పెట్టుకున్నారట.

“పులి చేతికొచ్చినోడికి ముందుగానే కొట్టాలని ఉంటాది. మేకలోడికి అన్నీ దించుకోవాలని ఉంటాది. ఇద్దరూ తప్పేనప్పా,” అంది ఆమె. “ఉపవాసం ఉండేది సగం దాకానే. సగం దిగినాక కూడా కొట్టకుండా కూసుంటే అది పులి గాదు.”

మౌలాలి చెవికి మొదటి సగమే ఎక్కింది. అది కూడా ఓడిపోయాకనే. సగం మేకలు దిగేసరికి ఒకదాని వెనక ఒకటి ఆనుకుని నిలబడ్డాయి, పులికి దూకే సందు లేదు. మూడు పులులూ మూలకు చేరి కట్టుబడ్డాయి. అప్పుడు హజరా తల ఎత్తి ఒక్కసారి చూసింది. వెక్కిరింపు ఉంది ఆ చూపులో, కొంచెం జాలి కూడా ఉంది. ఆ చూపు ఆదోని బస్సు ఎక్కి అతనితోపాటు ఇంటికి వచ్చింది.

ఆ తర్వాత అతనికి పరుపు గుడ్డ మాటిమాటికీ అయిపోవడం మొదలైంది. కొడుకు ఎమ్మిగనూరు ప్రయాణాలు చూసి ఇమాం సాబ్, ఊరంతా పరుపుల మీదే పడుకుంటున్నారా అని అడిగాడు.

శ్రావణంలో ఒక పొద్దున మబ్బు జాడ లేకుండానే వాన దిగింది. వీధిలో పడుగు అప్పుడే గంజి తాగి ఉంది. అందరూ పరిగెత్తారు. మౌలాలి ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస హజరా చేతికి చిక్కింది. ఇద్దరూ చుట్టుకుంటూ చుట్టుకుంటూ మధ్యలో ఎదురుపడ్డారు. ఇద్దరి మోచేతులనుంచీ గంజినీళ్లు కారుతున్నాయి. ఆమె ముక్కు మీద వాన చుక్క ఒకటి నిలిచి, పడనా వద్దా అని ఆలోచిస్తోంది.

“నీ తొందర పనికొచ్చిన పని ఇదొక్కటే,” అంది ఆమె.

మౌలాలికి ఇక ఓపిక పట్టడం చేతకాలేదు. ఆ అమ్మాయి లేకపోతే తన బతుకు చప్పగా ఉంటుందని అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసిన మాటను మనసులో దాచుకోవడం అతనికి అలవాటు లేదు.

మరుసటి వారమే అడిగేశాడు. ఎక్కడ అడిగాడంటే, నడివీధిలో, ఖాసిం సాబ్ కుంచె పట్టి దువ్వుతుండగా. పడుగు పక్కనే నడుస్తూ, హజరాను నాకిస్తావా మామా అని గొంతు తగ్గించి అడిగాడు. ఖాసిం సాబ్ చూపు దారాల మీదే ఉంది. ఒక అడుగు వేసి, తల ఊపాడు.

మౌలాలికి ప్రాణం లేచొచ్చింది. గుడ్డ సంగతి మరిచిపోయి ఆదోని బస్సుకు పరిగెత్తాడు.

శుక్రవారం నమాజు తర్వాత ఇమాం సాబ్ నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని, పూలు, చక్కెర పట్టుకుని ఎమ్మిగనూరులో దిగాడు. వీధి వీధంతా వాకిళ్లలోకి వచ్చింది. ఖాసిం సాబ్ మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. ఏం పని మీద వచ్చారని మర్యాదగానే అడిగాడు. మాటిచ్చారట కదా అన్నాడు ఇమాం సాబ్. ఎవరు, ఎప్పుడు అని ఖాసిం సాబ్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“పడుగు కాడ తల ఊపినావు గదా మామా,” అన్నాడు మౌలాలి.

గుంపులోంచి హుసేనప్ప ముందుకు వచ్చాడు. “అది నాకు ఊపినాడప్పా, లాగమని,” అన్నాడు నెమ్మదిగా.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వాకిలి నుంచి వాకిలికి పాకింది. లోపల హజరా నేస్తున్న రెండో మగ్గం చప్పుడు టక్కున ఆగిపోయింది. హజరా వింటోందని మౌలాలికి అర్థమైంది. భూమి నోరు తెరిస్తే దూరిపోదామనిపించింది.

ఖాసిం సాబ్ మాత్రం నవ్వలేదు. మౌలాలిని అరుగు దగ్గరికి పిలిచాడు. కాసేపు దగ్గాడు.

“ఈ ఇంట్లో మగ్గాలు రెండప్పా. ఒకటి నాది, ఒకటి దానిది. నాకు దమ్ము, ఊపిరాడదు. నువ్వు బిడ్డను ఒక్కదాన్నే అడిగినాననుకుంటాండావు. ఈ ఇంటిని అడిగినావు. గుడ్డకు వస్తే రా. ఈ మాట ఇప్పుడొద్దు.”

తిరుగు ప్రయాణంలో ఇమాం సాబ్ చక్కెర పొట్లం ఒళ్లో పెట్టుకుని ఆదోని దాకా కిటికీలోంచి బయటికే చూశాడు. కొడుకును ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మౌలాలి చాలా రోజులు అనుకున్నాడు.

మళ్లీ ఆ వీధికి వెళ్లడానికి అతనికి ధైర్యం చాలలేదు. వెళ్లక ఉండడమూ చేతకాలేదు. వెళ్లాడు. సర్దార్‌బీ అతని అడుగుల చప్పుడు గుర్తుపట్టి, పులి తొందరపడింది, ఇంక మేకలు దించుకో అంది. అరుగు మీద చింతగింజలు ఉన్నాయి గానీ వాటిని పెట్టే చెయ్యి బయటికి రాలేదు. లోపల మగ్గం మాత్రం అతను కూర్చున్నంతసేపూ నెమ్మదిగా ఆడింది. అది తనకోసమే అని నమ్మి అతను బతికాడు.

అక్కడినుంచి మౌలాలి మారిపోయాడు. ఖాసిం సాబ్ మాట ఒకటే చెవిలో పెట్టుకున్నాడు. హజరాను ఆదోని తీసుకుపోతే ఇక్కడ ఒక మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే ఇల్లు ఆగుతుంది. కనుక తనే ఇక్కడికి రావాలి. ఎమ్మిగనూరు జాతర మైదానం దగ్గర ఖాళీ స్థలం ఒకటి బాడుగకు మాట్లాడుకున్నాడు. ఒక ఏడు గోడలు లేపాడు, మరో ఏడు రేకులు వేశాడు. దూది ఏకే మిషన్ కూడా వచ్చాక, అంగడి తెరిచాక, వేలెత్తి చూపడానికి ఏమీ లేకుండా చేసుకున్నాక అప్పుడు అడగాలనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. హజరాకు అసలే చెప్పలేదు. ఒకసారి నోరు జారి పరువు తీసినవాడు ఈసారి నోటికి తాళం వేసుకున్నాడు.

ఆ సంగతి పసిగట్టింది ఇమాం సాబ్ ఒక్కడే. ఒక పొద్దున తన పాత ఏకుడు విల్లు తెచ్చి కొడుకు ముందు పెట్టి, మిషన్ వచ్చేదాకా దీంతో ఏకు అన్నాడు. ఎమ్మిగనూరు పేరు ఎత్తలేదు. మౌలాలికి కళ్లు తడిశాయి.

రెండో ఏడు వానల్లో సర్దార్‌బీ కన్నుమూసింది. మౌలాలి జనాజాకు భుజం పట్టాడు. తిరిగి వచ్చి చూస్తే అరుగు మీద గీతలు మాత్రమే ఉన్నాయి. గడప లోపల హజరా నిలబడి ఉంది. ఏదైనా అంటాడేమోనని ఆమె చూసింది. సమయం కాదని అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు అతను వెళ్లిపోయినందుకే ఆమె ఎక్కువగా ఏడ్చిందని అతనికి చాలా కాలం తర్వాత గానీ తెలియలేదు.

జాతర ముగిసిన వారం అతను మామూలుగా గుడ్డకు వచ్చాడు. వీధిలో పడుగు లేదు. ఖాసిం సాబ్‌ దమ్ము ఎక్కువై నడవలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అరుగు మీద హజరా ఉంది. రెండేళ్ల తర్వాత ఆమె అక్కడ కూర్చోవడం అదే మొదలు. చింతగింజలు అతనివైపు తోసింది.

“ఈసారి పులులు నావి,” అంది.

అతను మారు మాట్లాడకుండా కూర్చుని ఒక గింజ మూలన పెట్టాడు. రెండో గింజ పెట్టి వేలు తీశాడో లేదో ఆమె పులి దానిమీంచి దూకింది. గింజ తీసి గుప్పిట్లో బిగించుకుంది.

“సగం మేకలు దిగలేదు గదా,” అన్నాడు.

“వీధిలో పడుగేది? ఎవరికోసం ఆగాల?” ఆమె గుప్పిట విప్పలేదు. “మద్దికెర నుంచి వచ్చి నన్ను చూసిపోయినారు. పిల్లోనికి లారీ ఉండాదంట. శుక్రవారం మాట అడిగేకి వస్తారు.”

గోడలు, రేకులు, తండ్రి ఇచ్చిన విల్లు, అన్నీ మౌలాలి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. మిషన్ ఒక్కటే రావాలి, వచ్చాక అడుగుదామనుకున్నాను అన్నాడు. ఆమె ఆశ్చర్యంగా విన్నది. ఆ వెనకే కోపం వచ్చింది.

“నాకు ఒక్క మాట సెప్పింటే ఏమయ్యేది?”

“ముందు తొందరపడి చెడగొట్టినా గదా. మళ్లీ చెడిపోతుందేమో అని భయం.”

“జేజి సెప్పింది సగమే గుర్తుపెట్టుకున్నావు నువ్వు. మేకలు దించుకుంటా ఉండు. మిషనొచ్చే పొద్దుకు నేను మద్దికెరలో ఉంటా.” కొంగుతో కళ్లు తుడుచుకుంది. “నేను రెండేండ్లు కాచుకున్నా. ఇంక నాకు చేత కాదు.”

సర్దార్‌బీ మాట రెండో సగం అప్పుడు ఎక్కింది అతనికి. లేచాడు. ఒకప్పుడు ఆగమన్నా ఆగని కాళ్లు ఇప్పుడు కదలమంటే కదలడం లేదు. నడవలోకి వెళ్లి మంచం ముందు నేల మీద కూర్చున్నాడు.

“మామా, హజరాను నాకియ్యి. మగ్గం ఈడనే ఉంటాది. నేనే ఈడికి వస్తా. అంగడి కట్టినా, ఇంకా తెరవలేదు. మిషన్ లేదు. ఉన్నదే సెప్తాండా.”

ఖాసిం సాబ్ చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక చేత్తో రొమ్ము రాసుకుంటూ అతనివైపే చూశాడు.

“ఇప్పుడొద్దు అంటి. ఎప్పటికీ వద్దనలేదు. రెండేండ్లు చూస్తి, ఈ పిల్లోడు మళ్లీ అడుగుతాడేమో అని. గుడ్డ కొనుక్కొని పోతావే గాని నోరు తెరవవు. ఇంక నువ్వు అడగవనుకుని మద్దికెరోళ్లను రమ్మంటి.”

తలుపు చాటున హజరా గాజుల చప్పుడు వినిపించింది.

ఖాసిం సాబ్ అతని కళ్లలోకి చూస్తూ తల ఊపాడు.

మౌలాలి వెనక్కి తిరిగి చూశాడు. వీధి ఖాళీగా ఉంది. హుసేనప్ప లేడు, పడుగు లేదు. అయినా అతనికి నమ్మకం కుదరలేదు.

“అది నాకేనా మామా?” అని అడిగాడు.

“ఈడ ఇంకెవరుండారప్పా,” అన్నాడు ఖాసిం సాబ్.