ఏడో ట్యాంకు పాఠం

ఎర్ర దీపం మూడోసారి వెలిగింది. పరంధామయ్య తలమీది ఎలక్ట్రోడ్‌ల టోపీ సర్దుకుని, "ఈ మెషీన్‌కి నామీద ఏదో కక్ష ఉందమ్మా" అన్నాడు.

మెషీన్‌కి ఏ కక్షా లేదు. ఎదురుగా అలాంటి టోపీయే పెట్టుకుని కూర్చున్న టీచరు మరిడేశ్వరికి ఉంది. పదకొండేళ్లుగా దాన్ని ఆరిపోకుండా చూసుకుంటోంది.

ఆ కాలానికి విశాఖ తీరంలో ఓడలు బాగుచేసేవాళ్లలో సగంమంది టర్కీ రేవుల్లో పనికి వెళ్తున్నారు. వాళ్లకు టర్కీ భాష నేర్పడానికి సాగరిక నౌకాశాల అనే ఓడల కంపెనీ ఈ మెషీన్ తెప్పించింది. వర్తమాన కాలం నేర్పడం దానికి చిటికెలో పని. కప్పు చూపించి కప్పు అనిపిస్తే సరి. గడిచిపోయినదాన్ని ఎక్కడని చూపిస్తాం? అందుకని మెషీన్ మనిషి మెదడులోంచి ఒక జ్ఞాపకాన్ని పైకి లాగి, క్రియను దానికే ముడివేస్తుంది. ఏ జ్ఞాపకమన్నది మన ఇష్టం కాదు. ఆ క్రియకు అన్నిటికన్నా గట్టిగా అంటుకున్నదే వస్తుంది. చెప్పిన మాట జ్ఞాపకంతో కలిస్తే పచ్చ దీపం, కలవకపోతే ఎర్ర దీపం. అబద్ధానికి ముడి పడదు.

పరంధామయ్య తెలివితక్కువవాడేం కాదు. 'వచ్చాను'కి గెల్దిమ్, 'చదివాను'కి ఓకుదుమ్ అనగానే, "మన హరికి, రాముకు లాగా ముందున్న అచ్చునిబట్టి మారుతుందన్నమాట!" అని మురిసిపోయాడు. కళ్లారా చూసినదానికి ఒక రూపం, విన్నదానికి ఇంకో రూపం అన్నా తికమకపడలేదు. 'దించాను' దగ్గరే బండి ఆగిపోయింది. ఆ క్రియను మరిడేశ్వరి ఏరికోరి పెట్టింది.

ఓడ ట్యాంకులోకి వెల్డరు దిగేముందు సేఫ్టీ ఆఫీసరు గ్యాస్ మీటరును తాడుకు కట్టి అడుగుదాకా దించాలి. విషవాయువు లేదని తేలాకే అనుమతి కాగితం మీద సంతకం పెట్టాలి. పదకొండేళ్ల కిందట ఏడో ట్యాంకుకు సంతకం పెట్టింది పరంధామయ్య. దిగింది మరిడేశ్వరి అన్న పోలిరాజు. పైకి తెచ్చేసరికి పోలిరాజులో ప్రాణం లేదు. విచారణలో పరంధామయ్య గుండెమీద చెయ్యేసుకుని "మీటరు దించాను" అన్నాడు. రెండు రోజుల్లో విచారణ ముగిసింది, నెల తిరక్కుండా కంపెనీ మరిడేశ్వరికి అన్న బదులు ఉద్యోగమిచ్చింది. అందులో ఉంటూనే ఆమె టర్కీ భాష నేర్చుకుని టీచరైంది.

ఇప్పుడాయన టర్కీ రేవుకు చీఫ్ సేఫ్టీ ఆఫీసరుగా వెళ్తున్నాడు. ఈ పాఠం పూర్తయితే సోమవారమే ప్రయాణం.

"ఇందిర్దిమ్" అన్నాడు మళ్లీ. దించాను. ఎర్ర దీపం.

"ఇందిర్‌మిష్" అని చూశాడు. ఎవరో దించారట. మళ్లీ ఎర్ర దీపమే.

"అక్కడ మీరే ఉన్నారు కదా సార్, అట అంటే ఎలా?" అంది మరిడేశ్వరి చల్లగా.

పరంధామయ్యకు చెమట పట్టింది. పాఠమే కదా, ఆ పాత సంగతి ఈ గదిలో ఎవరికేం తెలుసు అనుకున్నాడు కాబోలు, గొంతు తగ్గించి, "ఏడో ట్యాంకులోకి మీటరు ఇందిర్‌మెదిమ్" అన్నాడు.

దించలేదు. పచ్చ దీపం వెలిగింది.

"నాను పోలిరాజు సెల్లిని సార్" అంది మరిడేశ్వరి. ఇన్నేళ్ల టీచరు భాష ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. "ఈ మాట కోసరమే ఈ కుర్సీలో కూకున్నాను. పాఠం పూర్తయితే రికార్డు మీ ఫైలుతో రెండు దేశాల సేఫ్టీ ఆఫీసులకీ ఎల్తాది. ఎవులూ సెరపలేరు."

పరంధామయ్య పాలిపోయాడు. ఆమె ముఖం వంక తేరిపార చూశాడు. విచారణలో తలవంచుకుని కూర్చున్న పందొమ్మిదేళ్ల పిల్ల గుర్తొచ్చింది. మెల్లగా నవ్వాడు.

"పాఠం ఇంకా పూర్తి కాలేదమ్మా. ఇప్పుడు నేనడగాలి, నువ్వు చెప్పాలి. అదే కదా రూలు?"

అదే రూలు. అడగడం కూడా రావాలి కాబట్టి చివరి ప్రశ్న విద్యార్థిది. టీచరుకీ పచ్చ దీపం రాకపోతే పాఠం మొత్తం దానంతటదే చెరిగిపోతుంది. వందలమంది ఆమెను 'టీ తాగారా', 'బస్సెక్కారా' అని అడిగారు. తన మీదికి ఏ ప్రశ్న రావచ్చో ఈ ఒక్కరోజు ఆమె ఆలోచించలేదు.

"'మీటరు దించారు, మా కుటుంబానికి ఏ ఫిర్యాదూ లేదు' అన్న కాగితం మీద ఇమ్జాలదినిజ్ మి?" అన్నాడు. సంతకం చేశారా? "కాగితం రాసింది నేను. పెన్నూ నాదే. లేదని చెప్పేయ్. నువ్వూ మిగులుతావు, నేనూ మిగులుతాను."

నీలం సిరా, బల్లమీద పరిచిన ఉద్యోగపు ఉత్తర్వు, ఇంట్లో ఇంకా తీయని అన్న పడక, అన్నీ ఒక్కసారిగా పైకొచ్చాయి. లేదని అంటే ఎర్ర దీపం, రికార్డు చెరిగిపోతుంది, వాడు ఇంకో టీచరు దగ్గర పాఠం ముగించుకుని ఓడెక్కుతాడు. ఆమెకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కానీ పరంధామయ్య నవ్వు చూశాక ఆ రెండూ ఆవిరైపోయి కోపమే మిగిలింది.

"ఇమ్జాలదిమ్" అంది. "సేసినాను. మునిగితే ఇద్దరం మునుగుదాం రండి సార్."

పచ్చ దీపం వెలిగింది. రికార్డు వెళ్లిపోయింది. పరంధామయ్య టోపీ పీకి విసిరికొట్టి తలుపు దగ్గరకు పరిగెత్తాడు, పరిగెత్తి ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

మెషీన్ మాత్రం తన పని తాను చేసింది. భూతకాలంలో ఉత్తీర్ణులు అంటూ రెండు సర్టిఫికెట్లు అచ్చువేసి బయటకు తోసింది. మరిడేశ్వరి ఒకటి ఆయన చేతిలో పెట్టి, అక్కడికక్కడే తన రాజీనామా ఉత్తరం రాసి రెండోది దానికి పిన్ను చేసింది.