మానిటర్ అంచున జిగురు

మంగళవారం ఉదయం 9:52కి అనౌన్సర్ గారి గొంతు మాయమైంది.

ముప్ఫై ఏళ్లు బస్టాండు మైకులో మోగిన గొంతు. క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అంతకు ముందే కొడుకు ఆయన చేత పద్నాలుగు వందల వాక్యాలు చదివించి డెస్క్‌టాప్‌లో దాచాడు. తండ్రి టైప్ చేస్తే కంప్యూటర్ ఆయన గొంతుతోనే మాట్లాడాలని వాడి తాపత్రయం. ఇప్పుడు ఆ ఫైళ్లలో ఒక్కటీ లేదు.

"ఎవరో కావాలనే చేశారు మేడమ్," అన్నాడు కొడుకు.

"మంగళవారం ఆ టైముకి ఇంట్లో ఎవరున్నారు?" సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"నాన్న, మా ఆవిడ. నేను తొమ్మిదిన్నరకి డ్యూటీకి వెళ్లిపోయాను."

"నాకది ఆన్ చేయడం కూడా రాదండీ," కోడలు గుమ్మంలోంచే అంది. "నా మీదకి తోసేయకండి."

"కాపీ ఉందా?"

"ప్రోగ్రాం కొత్త వెర్షన్ ఎక్కాక తీద్దామనుకున్నాను," కొడుకు నసిగాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. ప్రతి కేసులోనూ ఇదే మాట.

కంప్యూటర్ తనలో జరిగినవన్నీ రాసుకునే లాగ్ తెరిచింది. 9:20, కంటైనర్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్ మొదలు. 9:51, ఎర్రర్. 9:52, రీసెట్. బయటి నుంచి ఎవరూ చొరబడలేదు.

"మీ గొంతు ప్రోగ్రాం ఈ కంటైనర్‌లోనే నడుస్తుంది. మూత పెట్టిన డబ్బా అనుకోండి. ఫైళ్లు ఎక్కడ పెట్టారు?"

"అందులోనే."

"బయట ఫోల్డర్‌లో పెట్టాల్సింది. ఇన్‌స్టలేషన్ మధ్యలో ఆగి, పాతదంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టనా అని అడిగింది. ఎవరో ఎస్ నొక్కారు."

"తిరిగి తీయలేరా మేడమ్?"

"మా ల్యాబ్ వాళ్లు చూసి చేతులెత్తేశారు. పాతవాటి మీదే కంప్యూటర్ కొత్తది రాసేసింది."

మాట్లాడుతూనే ఆమె మానిటర్ అంచు తడిమింది. వేలికి జిగురు తగిలింది. అంచంతా దుమ్ము. అక్కడ మాత్రం చీటీ అంత మేర శుభ్రంగా ఉంది.

"ఇక్కడేం అంటించారు?"

కొడుకు ముఖం పాలిపోయింది.

మూలన కుర్చీలో కూర్చున్న అనౌన్సర్ గారు లేచారు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల పసుప్పచ్చ చీటీ తీసి ఆమె చేతిలో పెట్టారు. కొడుకు చేతిరాత.

"నాన్నా, ఏది అడిగినా ఎస్ నొక్కేయ్."

"నొక్కింది మీరేనా? మరెందుకు దాచారండీ?"

ఆయన కుర్చీ పక్కనున్న పలక అందుకుని రాశారు: "తెలిస్తే వీడు తట్టుకోలేడు."

ఈ ఒక్క కేసూ తేలకుండా ఉంటే బాగుండేదనిపించింది ఇన్‌స్పెక్టర్‌కి. నిజం చేతికొచ్చింది. దాంతో చేయగలిగిందేమీ లేదు.

కొడుకు నేల మీద కూలబడి తండ్రి మోకాళ్లు పట్టుకున్నాడు.

"తిట్టు నాన్నా. ఒక్కసారి తిట్టు."

ఆయన పెదవులు కదిలాయి. మెడలోని రంధ్రంలోంచి గాలి మాత్రమే వచ్చింది.