తువ్వాలు వేసిన సీటు

ఆదివారం మ్యాట్నీకి వెళ్ళాం, నేనూ మా అమ్మాయి అరుణశ్రీ. 2017 ఆషాఢం. శ్రీకాకుళంలో పొద్దుట నుంచీ సన్నగా చినుకు.

నేను సినిమాలు చూసే మనిషిని కాదు. అంగన్‌వాడీలో పిల్లలకి పాటలు చెప్పుకుంటాను, ఇంటికొస్తాను. ఈ ఒక్కదానికి మాత్రం రావాలంది అరుణ. వెళ్ళాను.

ధ్రువనౌక అని మూడు సినిమాలుండేవి. ఇంగ్లీషువి, తెలుగు మాటలు పెట్టినవి. ఆకాశంలో తిరిగే ఓడ, దానికో కెప్టెన్. మా పిల్లలిద్దరూ చిన్నప్పుడు ఆ సీడీలు గీతలు పడి ఆగిపోయేదాకా చూశారు. మూడోదాని చివర కెప్టెన్ ఓడ బయట ఉండిపోతాడు. తలుపు మూసుకుపోతుంది. ఆ చీకట్లోకి కొట్టుకుపోతాడు. అక్కడితో అయిపోతుంది.

"ఆడు సావనేదు ఓలమ్మా. నాలుగోది వస్తాది సూడు," అనేవాడు మా పెద్దాడు ఉమాశంకర్. వాడికి ఎప్పుడూ ఓలమ్మా అనే అలవాటు. అరుణ అమ్మా అంటుంది.

నాలుగోది రాలేదు. శంకర్ వాళ్ళ నాన్నతో చేపల వేటకెళ్ళడం మొదలుపెట్టాడు. మూడేళ్ళ కిందట వాడెక్కిన బోటు తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకొచ్చారు. వాడు రాలేదు. శవం కూడా ఒడ్డుకి కొట్టుకురాలేదు. మా ఆయన సూరయ్య ఇక్కడి నీళ్ళ మొహం చూడలేనని గుజరాత్ వెళ్ళిపోయాడు, వీరావల్‌లో బోట్ల మీద పనికి. అక్కడా సముద్రమే. ఏం చేస్తాం, వచ్చిన పని అదొకటే.

ఇప్పుడొచ్చింది నాలుగోది. ఇన్నేళ్ళకి.

"అన్నియ్య బదులు నేను సూసి సెప్పాలమ్మా. పాతోటికి సరితూగిందో నేదో," అంది అరుణ. అప్పుడు ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది.

"ఎవులికి సెప్తావే?" అన్నాను.

అరుణ పెట్టెలోంచి శంకర్ తువ్వాలు తీసి భుజాన వేసుకుంది. ఎర్రంచు తువ్వాలు.

గుమ్మంలో కూర్చున్న మా అత్త చూసింది.

"అదెందుకే?"

"సీటు ఆపడానికి మామ్మా. అన్నియ్యకో సీటు."

"ఆడి బట్ట పరవకు."

మా రేవులో బోటు దింపే ముందు ప్రతివాడూ తను కూర్చునే చోట తువ్వాలు వేస్తాడు. ఆ చోటు ఇక వాడిది. మరొకరు కూర్చోరు. కాని సముద్రంలో పోయి దొరకనివాడి బట్టని ఎక్కడా పరవరు. చోటు పట్టిపెడితే పిలిచినట్టేనంటారు పెద్దవాళ్ళు. ఆ పిలుపుకి వచ్చేది ఎవరో చెప్పలేమంటారు.

"సినిమాహాల్లో సముద్రమేటుంటాది మామ్మా," అని నవ్వేసింది అరుణ.

ముసల్ది నవ్వలేదు.

అది పాత హాలు. సీట్లకి నంబర్లు లేవు. ముందొచ్చినవాళ్ళు జేబురుమాలో, తువ్వాలో వేసి ఆపుకోవాలి. మేం గోడవారగా కూర్చున్నాం. చివర నేను, నా పక్కన అరుణ, దాని అవతలి సీట్లో శంకర్ తువ్వాలు. తలుపులు మూశారు. తడిసిన గొడుగుల వాసన, వేరుశనక్కాయల వాసన. తెర వెలిగింది.

శంకర్ దగ్గరో పద్ధతుండేది. కెప్టెన్ మాట్లాడేటప్పుడు కళ్ళు మూసుకుని వినేవాడు. కంటికి వేషం కట్టొచ్చు, చెవికి కట్టలేం అనేవాడు. అరుణా ఆ రోజు అదే చేసింది.

సినిమాలో కెప్టెన్ తిరిగొస్తాడు. ఓడ తలుపు మీద కొడతాడు. తీస్తారు. అదే మొహం, అదే నవ్వు. అందరూ ఏడుస్తారు. నాకూ కళ్ళు తడయ్యాయి. అరుణ మాత్రం కళ్ళు మూసుకునే తల అడ్డంగా ఊపింది.

"గొంతు మార్చీసినారమ్మా. పాతాయన కాదు, ఇంకెవులో సెప్పినారు."

"మొహం అదే కదే."

"మొహానికేటి, రబ్బరుతో సేసినా వచ్చీస్తాది. ఈడు ఆడు కాదు."

ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగాడు. "ఆడో కాదో ఇంటికెళ్ళి తేల్చుకోండమ్మా. మమ్మల్ని సూడనీండి."

అరుణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. దాని నవ్వు చూసి చాలా కాలమైంది. అందుకే బాగా గుర్తుంది.

ఇంటర్వెల్ పడింది.

"సమోసాలు తెస్తాను, సీట్లు సూసుకో," అని లేచింది. ఫోను చేతిలో పట్టుకుని, మెట్లెక్కి, తలుపు తోసుకుని వెళ్ళింది. నేను చూశాను. పచ్చ చుడీదారు.

వెనక చాలామంది నిలబడి ఉన్నారు. ఒకాయన వాళ్ళ అమ్మని నడిపించుకుంటూ మా వరసలోకి వచ్చాడు. ముసలావిడ కాళ్ళు వణుకుతున్నాయి.

"ఈ తువ్వాలు ఎవులిదమ్మా? మనిషి వస్తాడా?"

మా అబ్బాయిది అనబోయాను.

"ఎవులూ రారు. కూకోబెట్టండి," అన్నాను.

ఆ మాట అనడం అదే మొదలు. మూడేళ్ళలో ఎవరితోనూ అనలేదు.

తువ్వాలు తీశాను. ఆవిడ కూర్చుంది. ఇంకా జనం వస్తూనే ఉన్నారు. అరుణ సీటు ఖాళీగా కనిపిస్తోంది. చేతిలో ఉన్నది అదే బట్ట. దాని సీట్లో పరిచాను. సీటు ఆపాను, అంతే. అత్త మాట తలపుకే రాలేదు.

దీపాలు ఆరిపోయాయి.

కాసేపటికి ఎవరో చీకట్లో మోకాళ్ళు తగిలించుకుంటూ వచ్చారు. తువ్వాలు తీసి, కూర్చున్నారు. పచ్చ చుడీదారు. తెర వెలుగులో అరుణ మొహం.

"సమోసాలేవే?"

తెర వైపు తిరిగి కూర్చుంది.

తెర మీద పేలుళ్ళు, ఎర్రటి వెలుగులు. మధ్యమధ్య చీకటి. వేరుశనక్కాయల వాసన పోయింది. తడి వల వాసన వచ్చింది. ఆరకుండా మడత పెట్టేసిన వల... దాని కింద డీజిలు. మా ఇంట్లో చాలాకాలంగా లేని వాసన. ముందు వెతుక్కున్నాను దాన్ని. తర్వాత భయమేసింది.

చలి మొదలైంది. కుడిపక్క మాత్రమే.

మొదటి సగమంతా గుసగుసలాడిన పిల్ల ఒక్క మాటా అనలేదు. కెప్టెన్ మాట్లాడుతున్నాడు. తిరిగి చూశాను. కళ్ళు మూసుకోలేదు. రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

నా చేతి మీద చెయ్యి పడింది. చల్లగా... తడిగా. అరచేయి గరుకు. తాడు లాగి లాగి కాయలు కాసిన చెయ్యి.

నేను చెయ్యి తీసుకోలేదు.

చెవి దగ్గరగా వచ్చింది.

"ఓలమ్మా... బాగుంది కదా."

రెండో సగంలో ఏమైందో నాకు తెలీదు. దీపాలు వెలిగే వరకూ తెరనే చూస్తూ కూర్చున్నాను. అవతలి సీట్లో ముసలావిడ కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని కూర్చుని ఉంది. "ఒరే, కింద నీళ్ళేటిరా?" అంది వాళ్ళబ్బాయితో. ఆయన సీటు కిందకి టార్చి వేసి చూశాడు. ఇసక. తడి ఇసక.

వెలుతురులోకి వచ్చాక దాని చెయ్యి పట్టి చూశాను. అరుణ చెయ్యే. మెత్తగా ఉంది. వేళ్ళకి సిరా మరక. తువ్వాలు తలకి చుట్టుకుంది, మగపిల్లల్లాగ.

ఆటోలో అడిగాను. "సరితూగిందా?"

"సరిగ్గా సరిపోనాది. ఆడే వచ్చీసినాడు."

"గొంతు మారిందన్నావు."

"గొంతుదేటుంది ఓలమ్మా. మనిషి ఇంటికొస్తే సాలదా."

ఆటో ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు తిరిగింది.

"నీ ఫోనేదే?" అన్నాను కాసేపయ్యాక.

"పోనాది," అంది. రోడ్డు వైపు చూస్తోంది. మా ఊరి మలుపులన్నీ కొత్తగా చూస్తున్నట్టు, పేరుపేరునా చెప్పుకుంటున్నట్టు పెదాలు కదుపుతోంది.

గుమ్మంలో మా అత్త లేచి నిలబడింది. పిల్ల దగ్గరికి రాగానే ముక్కుతో గాలి పీల్చింది. తన చాప చుట్టుకుని అరుగు మీదకి వెళ్ళిపోయింది. ఇప్పటికీ అక్కడే పడుకుంటోంది, వాన పడినా.

దీపాలు పెట్టే వేళకి పిల్లకి అన్నం పెట్టాను. కవ్వళ్ళ పులుసు. అరుణ చేపలు మానేసి మూడేళ్ళు. ఆ పూట ముళ్ళు కూడా వదల్లేదు.

నేను వసారాలోకి వచ్చి సంచీలోంచి ఫోను తీశాను. హాల్లో మోగకుండా నొక్కి పెట్టిన ఫోను. అరుణ నుంచి ఒక వాయిస్ మెసేజ్ ఉంది. ఇంటర్వెల్ అయిన కాసేపటికి వచ్చింది.

చెవికి ఆనించుకున్నాను.

"అమ్మా, తలుపేసీసినారు. కొడతన్నాను, ఎవులూ తియ్యట్నేదు. తలుపు అద్దంలోంచి నువ్వు కనిపిస్తన్నావు. నా సీట్లో ఎవులో కూకున్నారు. అమ్మా... నీ పక్కనెవులు?"

ఆ మాటల వెనక హోరు. మొదట జనమనుకున్నాను. మళ్ళీ విన్నాను. అలలు. ఆ హాలు దగ్గర సముద్రం లేదు.

తిరిగి ఫోను చేశాను. స్విచాఫ్.

లోపల కంచం మీద చెయ్యి చప్పుడు ఆగింది.

"ఓలమ్మా. ఎవులు?"

కళ్ళు మూసుకున్నాను. శంకర్ చెప్పినట్టే. కన్ను చూసిందంతా వదిలేసి, చెవితో విన్నాను. గొంతు అరుణది. అందులో మాట అరుణది కాదు.

మూడేళ్ళు ఆ మాట కోసం ఎదురు చూశాను. గుమ్మంలో కూర్చుని, రేవులో నిలబడి.

"ఎవులూ నేరు," అన్నాను. "అన్నం తిను."

మళ్ళీ తినడం మొదలైంది.

మర్నాడు ఒక్కదాన్నే హాలుకి వెళ్ళాను. గేటతన్ని అడిగాను. బయట ఎవరూ ఉండిపోలేదన్నాడు. ఇంటర్వెల్ తర్వాత తలుపులకి గడియ వెయ్యనే వెయ్యరట. సమోసాల కొట్టు దగ్గర కాగితం పొట్లం ఒకటి పడి ఉంది. విప్పలేదు.

పిల్ల ఇంట్లో బాగానే ఉంది. యూనివర్సిటీకి వెళ్ళనంది. రేవుకి వెళ్ళి బోట్లు చూసొస్తుంది. వీరావల్ నుంచి వాళ్ళ నాన్న ఫోను చేస్తే మాట్లాడుతుంది. పిల్ల ఫోను నాకిచ్చాక ఆయన, "ఎవులే అది?" అన్నాడు ఒకసారి. అరుణ అన్నాను. తువ్వాలు రోజూ దండెం మీద ఆరేస్తాను. ఆరదు.

మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. రోజుకొకటి, మ్యాట్నీ ఇంటర్వెల్ వేళకి. మొదట్లో పొడుగ్గా ఉండేవి. అమ్మా, అమ్మా అని. నేను విని, ఫోను దిండు కింద పెట్టేస్తాను. రోజురోజుకీ పొట్టివైపోతున్నాయి.

నిన్నటిది ఒక్క సెకను. అందులో మాట లేదు. తలుపు మీద ఒకసారి కొట్టిన చప్పుడు, అంతే.

అది విన్నప్పుడు పిల్ల నా పక్కనే కూర్చుని ఉంది. లేచి వెళ్ళి, మా వీధి తలుపు గడియ వేసొచ్చింది.