పద్మిని ఆంటీ పెరడు

జనవరి చివర్లో ఒక శనివారం, మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, నిశాంత్ షాంటిలీలో సూర్యప్రకాశరావు గారి ఇంటి ముందు కారు ఆపాడు. ఆ వీధి అక్కడితో ఆఖరు. ఇళ్ళన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు. పారతో తోసిన మంచు, డ్రైవ్‌వేల పక్కన గుట్టలుగా పడి బూడిదరంగుకి తిరిగింది. ఎవరింట్లోంచో పోపు వాసన వస్తోంది. వెనక మాత్రం అంతా అడవే. వాగు వెంట సాగిన సన్నటి అడవి. పెద్ద వానలకి మునుగుతుందని అక్కడ ఎవరూ ఇళ్ళు కట్టలేదు.

నిశాంత్ ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు. హెర్న్‌డన్‌లో ఉద్యోగం. ఆఫీసులో ఒక స్నేహితుడి వల్ల విల్లు పట్టడం అలవాటైంది. ఇళ్ళ దగ్గర తుపాకీ పేల్చనివ్వరు, బాణానికి మాత్రం అనుమతి ఉంది. ఈ ఏడు శరత్కాలమంతా తిరిగినా ఒక్క జింకా దొరకలేదు. సీజను ముగింపుకొస్తోందనగా సూర్యప్రకాశరావు గారే ఫోన్ చేశాడు, మా పెరట్లోకి రమ్మని.

ఆయన రిటైరైన డాక్టరు. ఆపరేషన్‌కి ముందు మత్తు ఇచ్చేవాడు. మనిషి సన్నగా, నిటారుగా ఉంటాడు. తలుపు తీస్తూనే అడిగాడు.

"ఎన్ని కొట్టగలవోయ్?"

"ఒకటి చాలు అంకుల్. ఫ్రీజర్‌కి."

"ఒకటేమిటి. వచ్చినవన్నీ కొట్టు."

ఆయన కోపం ఎందుకో ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ తెలుసు. భార్య పద్మిని రోజూ సాయంత్రం కూరగాయల చెక్కులు, ఆపిల్ ముక్కలు గిన్నెలో వేసుకుని వెళ్ళి జింకలకి పెట్టేది. మోకాలి ఆపరేషన్ తర్వాత కుడికాలు సరిగా వంగకపోయినా మానలేదు. పోయిన జనవరిలో అలాగే వెళ్ళి మంచులో జారిపడింది. తెల్లారి చూసేసరికి గడ్డకట్టి ఉంది. నిశాంత్‌కి చిన్నప్పుడు ఆదివారం తెలుగు క్లాసులో అక్షరాలు దిద్దించింది ఆవిడే. అంత్యక్రియలప్పుడు వాళ్ళమ్మ సుమతి కంటే వాడే ఎక్కువ ఏడ్చాడు.

ఆయన వంటింటి స్లైడింగ్ డోర్ దగ్గరికి తీసుకెళ్ళి, అద్దంలోంచి పెరడు చూపించాడు.

"అదిగో, ఆ మొక్కల దగ్గర పడి ఉంది. చుట్టూ మంచు కరిగి గుంటలు. అవి రాత్రంతా ఆవిడని ఆనుకుని పడుకున్నాయి, తెలుసా. నలభై ఏళ్ళు కాపురం చేసింది నాతో. పోయేటప్పుడు వాటి మధ్య పోయింది."

ఆ గొంతులో దుఃఖం ఉంటుందనుకున్నాడు నిశాంత్. కానీ అందులో ఉన్నది కడుపుమంట.

విల్లు, బాణాలు తీసుకుని పెరడు దాటుతుంటే మొక్కల మొదట్లో మంచు మీద ఏదో పచ్చగా కనిపించింది. వంగి చూశాడు. సొరకాయ చెక్కులు. పక్కన గింజలు తీసి కోసిన ఆపిల్ ముక్కలు. ముక్కలింకా నల్లబడలేదు.

వెనక్కి వెళ్ళి అడిగాడు. "అంకుల్, మీరు ఫుడ్ పెడ్తున్నారా? అట్లా పెడితే నేను హంట్ చేయకూడదు. రూల్స్ ఒప్పుకోవు."

"నేనా? వాటికా?" అన్నాడు ఆయన. "ఎవరూ పెట్టటం లేదు. పో, ఎక్కి కూర్చో."

అప్పుడే వెళ్ళిపోయి ఉండాల్సింది. కానీ సీజనంతా ఖాళీ చేతులతో తిరిగిన మనిషి. పక్కింటివాళ్ళెవరో విసిరి ఉంటారని సర్దిచెప్పుకుని, చెక్కులన్నీ ఏరి సంచీలో వేసుకుని, వాగు ఒడ్డున ఓక్ చెట్టుకి అంతకుముందే వచ్చి బిగించుకున్న చిన్న మంచె ఎక్కాడు. నడుముకి పట్టీ కట్టుకుని, విల్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

చలి బూటు లోపలికి పాకుతోంది. కుళ్ళిన ఆకుల వాసన, వాగు మీది మంచుపొర కింద నీళ్ళ గొణుగుడు, దూరంగా హైవే హోరు. ఎండ కొమ్మల మీదికి, అక్కడి నుంచి ఇళ్ళ కప్పుల మీదికి జారి పోయింది. ఒక్కో వంటింట్లో దీపం వెలుగుతోంది. సూర్యప్రకాశరావు గారు అద్దం వెనకే నిలబడి ఉన్నాడు. కూర్చోలేదు, కదల్లేదు.

బాణం వేయడానికి వెలుతురు ఇంక కాసేపే ఉందనగా జింకలు వచ్చాయి.

చప్పుడు లేదు. అంతవరకూ ఏమీ లేని చోట ఉన్నాయి, అంతే. అన్నీ ఆడవే. మామూలుగా అయితే తల దించి చిగుళ్ళు వెతుక్కుంటాయి, తోకలు ఆడిస్తాయి. ఇవి ఏమీ చేయలేదు. చెట్ల అంచున వరసగా నిలబడి ఇంటివైపు చూస్తున్నాయి.

అన్నిటి వెనక ఇంకొకటి వచ్చింది. ముసలిది. మూతి తెల్లబడింది. కుడి వెనకకాలు ఈడుస్తోంది. టక్... జర్రు... టక్... నేరుగా నిశాంత్ ఉన్న చెట్టు కిందికి వచ్చి ఆగింది. తలెత్తి చూసింది.

వేటలో ఏ జింకా వాణ్ణి అలా చూడలేదు. బెదురు లేదు ఆ చూపులో. గుర్తుపట్టినట్టుంది.

జేబులో ఫోన్ వణికింది. అంకుల్ మెసేజ్. *ఆ ముసలిదాన్ని.*

ఇంటివైపు చూశాడు. ఆయన అద్దానికి అరచెయ్యి ఆనించి, వేలితో చూపిస్తున్నాడు. లేడి కూడా మెల్లగా తల తిప్పి అటే చూసింది. పక్కటెముకలు పూర్తిగా నిశాంత్ వైపుకి వచ్చాయి. అంతకంటే మంచి అదను దొరకదు.

తాడు లాగాడు. ఊపిరి బిగబట్టాడు. వదిలాడు.

తగిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఊపిరితిత్తుల్లో దిగింది. అలా తగిలిన ఏ జంతువైనా ఎగిరిపడుతుంది, పరుగెడుతుంది. మిగతావి చెల్లాచెదరైపోతాయి. కానీ ఒక్కటీ కదల్లేదు. ముసలిది మాత్రం కాలు ఈడ్చుకుంటూ నడిచింది. అడవిలోకి కాదు. ఇంటివైపు.

చీకటి దాన్ని మింగేసింది.

నిశాంత్ ఆగాడు. దెబ్బ తిన్నదాని వెంట వెంటనే పడకూడదు. కాసేపయ్యాక దిగి, నుదుటి దీపం వెలిగించాడు. వరసగా నిలబడ్డ జింకలు ఇప్పుడు లేవు. మంచు మీద నెత్తురు ఉంది. లేత ఎరుపు, సన్నటి బుడగలు. పక్కనే గిట్టల గుర్తులు.

గుర్తులు పెరడు దాటాయి. మొక్కల దగ్గర కాసేపు ఆగాయి. అక్కడ నెత్తురు మడుగు కట్టింది. తర్వాత వంటింటి బయటి చెక్క డెక్ మెట్లు ఎక్కాయి. ఒక్కో మెట్టు మీదా ఒక్కో చుక్క.

స్లైడింగ్ డోర్ సగం తెరిచి ఉంది.

లోపలి టైల్స్ మీద కూడా చుక్కలు.

"అంకుల్..." అన్నాడు.

వంటింట్లో తడిసిన వెంట్రుకల వాసన. ఆపిల్ కోసిన వాసన. సూర్యప్రకాశరావు గారు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు, చేతులు బల్ల మీద పరుచుకుని.

"తట్టింది," అన్నాడు గుసగుసగా. "తీశాను. ఈసారి తీశాను కదా."

"ఎవరు అంకుల్? ఈసారి అంటే ఏంటి?"

"పోయినసారి తీయలేదు."

నిశాంత్ కుర్చీ వెనక పట్టుకున్నాడు. ఆయన వాడివైపు చూడకుండానే చెప్పుకుపోయాడు, పేషెంటు సంగతి ఇంకో డాక్టరుకి చెప్పినట్టు.

"నా కంచం ముందు కూర్చోకుండా వాటికి మేత పెట్టడానికి పోయింది. రోజూ అదే. వద్దంటే వినదు. గడియ పెట్టాను. కాస్త చలి తగిలితే బుద్ధొస్తుందని. ముందు పిలిచింది. తర్వాత తట్టింది. ఇక్కడే కూర్చుని ఉన్నాను."

"మీరు... విన్నారా?"

"ఆగిపోయేదాకా విన్నాను." చేతులు బల్ల మీంచి తీయలేదు. "తప్పు నాది కాదోయ్. ఆ జింకలే దాన్ని మాయ చేసి నా దగ్గర్నుంచి లాక్కున్నాయి."

పైన అంతస్తులో ఏదో కదిలింది.

ఇద్దరూ తలెత్తారు. పడగ్గది వైపు నుంచి మెట్లవైపు... టక్... జర్రు... టక్... మధ్యమధ్యలో గాజుల చప్పుడు.

"బాణం పెట్టు," అన్నాడు ఆయన.

నిశాంత్ విల్లు ఎత్తలేకపోయాడు.

టక్... జర్రు... మొదటి మెట్టు. రెండోది.

"పెట్టవోయ్..." ఆ నిటారు మనిషి ఒక్కసారిగా కుంగిపోయాడు. కుర్చీ తన్నేసి, మేజోళ్ళ కాళ్ళతోనే డెక్ మీదికి పరుగెత్తాడు.

ఆయన వెనకే తలుపు జారి మూసుకుంది. గడియ పడింది.

తోసినవాళ్ళు ఎవరూ లేరు. నిశాంత్ బల్లకి ఇవతల ఉన్నాడు.

బయట చీకట్లో ఆయన వెనక్కి తిరిగాడు. తలుపు లాగాడు. రాలేదు. మెట్లు దిగబోయి ఆగిపోయాడు. మెట్ల నిండా జింకలు. ఒకదాని వెనక ఒకటి ఎక్కి వస్తున్నాయి, తలలు దించి, తొందర లేకుండా. ఆయన అద్దానికి అతుక్కుపోయాడు. అరచేత్తో తట్టడం మొదలుపెట్టాడు.

"నిశాంత్... తియ్యి... నాన్నా, తియ్యి..."

వాడు వెళ్ళాడు. గడియ చిన్నది, బొటనవేలితో కిందికి నొక్కితే చాలు. వేలు పెట్టాడు కూడా.

వాడి చేతి మీద ఇంకో చెయ్యి పడింది.

తడిగా ఉంది. మంచుగడ్డలా ఉంది. బలమేమీ చూపించలేదు. అక్షరాలు దిద్దించేటప్పుడు పట్టుకున్నట్టు, అంతే.

అద్దంలో వాడి మొహం ఒక్కటే కనిపిస్తోంది. బయట ఆయన మాత్రం వాణ్ణి చూడటం లేదు. వాడి పక్కన, భుజం కంటే కాస్త కిందికి చూస్తున్నాడు. పద్మిని ఆంటీ పొట్టి మనిషి.

"ఉండనీ నాన్నా," అంది చెవి దగ్గర. ప్రతి మాట వెనకా ఊపిరిలో బుడగలు చిట్లుతున్నాయి. "ఆయనకి నిద్ర పడుతుంది. నాకూ అట్లాగే పట్టింది."

నిశాంత్ వేలు గడియ మీదే ఉంది. నొక్కలేకపోయాడో, నొక్కలేదో... అది వాడు ఈ రోజుకీ చెప్పలేడు. చెవిలో మాత్రం ఒక్కటే మోగుతోంది. ముందు పిలిచింది. తర్వాత తట్టింది.

బయట కూడా పిలుపు ఆగింది. తట్టడం మిగిలింది. మెల్లగా. ఇంకా మెల్లగా.

ఆగిపోయేదాకా విన్నాడు.

పోలీసులు వచ్చేసరికి వాడు వంటింటి నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరు పిలిచారో వాడికి తెలీదు. గడియ వాళ్ళు వేలితో తోయగానే తెరుచుకుంది. టైల్స్ మీద నెత్తురు లేదు. డెక్ మీద జింకల గుర్తులు లేవు. పెద్దాయన బయటికొచ్చి చలికి గుండె ఆగి పోయాడన్నారు. తలుపు బిగుసుకుపోయిందని, ఎంత లాగినా రాలేదని నిశాంత్ చెప్పాడు. వాళ్ళు నమ్మారు. పాపం, చిన్నపిల్లాడు ఎంత హడలిపోయాడో అని ఊళ్ళో అందరూ జాలిపడ్డారు. సుమతి కొడుకుని వారం రోజులు ఆఫీసుకి పంపలేదు.

తర్వాత ఒక డిటెక్టివ్ ఫోన్ చేసి స్టేషన్‌కి రమ్మంది. అనుమానమేమీ లేదని, చిన్న సాయం కావాలని మర్యాదగానే అడిగింది.

"ఆ రోజు 911కి కాల్ ఆ ఇంటి ఫోన్ నుంచే వచ్చింది," అంది స్టేషన్‌లో ల్యాప్‌టాప్ వాడివైపు తిప్పుతూ. "ఇంట్లో మీరు తప్ప ఎవరూ లేరన్నారు. కానీ మాట్లాడింది ఆడమనిషి. అడ్రస్ ఒక్కటే ఇంగ్లీషులో చెప్పింది. మిగతాది మీ భాషేమో, వినండి."

బటన్ నొక్కింది.

ముందు ఊపిరి. బుడగలు చిట్లుతున్న ఊపిరి. తర్వాత ఆవిడ గొంతు. ఎక్కడా తొణకలేదు.

"పిల్లాడు లోపల ఉన్నాడు. వాడికేం కాలేదు. మీరు మెల్లగా రండి. తొందరేం లేదు."

కాసేపు ఏమీ లేదు. వెనక ఎక్కడో అద్దం మీద అరచెయ్యి తట్టుతున్న చప్పుడు. అది కూడా ఆగాక, ఆవిడ ఫోన్‌కి దగ్గరగా జరిగింది.

"నిశాంత్. నీ సంగతి తర్వాత చూస్తాను."

డిటెక్టివ్ రికార్డింగ్ ఆపింది. "చివర్లో మీ పేరు వినిపించింది. ఏమంటోంది?"

నిశాంత్ నోరు తెరిచాడు. రికార్డింగ్ ఆగినా గదిలో ఆ ఊపిరి ఇంకా వినిపిస్తోంది.

ఆమె ల్యాప్‌టాప్ వైపు చూసింది. మళ్ళీ బటన్ నొక్కింది. ఇంకోసారి నొక్కింది. తర్వాత మెల్లగా మూత వేసి, దాని మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది.

ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోలేదు.