గాజు గదిలో మా ఆయన

మా ఆయన దగ్గితే మూడు వీధుల అవతల కుక్కలు కూడా లేచి నిలబడేవి. యుద్ధంలో మింగిన పొగ అది; ఆ పొగలోనే ఆయన తోటి జవాన్లంతా పోయారు, ఈయనొక్కరే ఇల్లు చేరారు. ఆ పొగ ఇన్నేళ్ళలో ఏం చేసిందో తెలుసుకోవడానికి పరిశోధన వాళ్ళు ఏటా పాత సైనికులను పిలిచి ఊపిరితిత్తులు పరీక్షిస్తారు. తోడుగా నేనూ వెళ్తాను. లేకపోతే ఈయన డాక్టర్లకు యుద్ధమంతా మళ్ళీ చేసి చూపిస్తారు.

పరీక్ష, బీరువా అంత గాజు గదిలో. ముక్కుకి క్లిప్పు పెట్టుకుని గొట్టంలోకి ఊదాలి. ఊపిరంతా వదిలేదాకా తలుపు తీయకూడదు. పాత నర్సయితే "ఊదండి, ఊదండి" అని భవనం కూలిపోయేలా అరిచేది. ఈసారి కొత్తమ్మాయి. అరవదు. గాజుకి పెదవులానించి గుసగుసలాడుతోంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

"ఏమ్మా, అంత మెల్లగా చెప్తే ఆ చెవిటాయనకి వినబడుతుందా?"

"చెప్పేది ఆయనకి కాదు బామ్మగారూ."

ఆయన ఊదారు. గదిలో స్పిరిట్ వాసన పోయి, ఏదో కాలిన వాసన మొదలైంది. ఆయన ఇంకా ఊదుతూనే ఉన్నారు. నాలుగు మెట్లెక్కితే నాలుగు యుగాలు ఆయాసపడే మనిషి... గాజు తెల్లబడింది. చొక్కాలో భుజాలు కుంగిపోతున్నాయి...

"చాలు. ఆపమను," అన్నాను.

"ఇంకా ఉన్నారండీ లోపల..."

ఎవరున్నారు? ఈ పిల్ల నా మొగుణ్ణి పీల్చేస్తోంది. అంతే అనిపించింది. తలుపు లాగేశాను. ఆయన రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాను.

"సగంలో తీసేశారే..." అంది ఆ పిల్ల. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

బస్సులో ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు. కిటికీ సీటు నాకిచ్చారు. మా కాపురంలో అది నాకు దక్కడం అదే మొదలు. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున ఫోను మోగింది. అదే గుసగుస.

"బామ్మగారూ, ఎప్పుడొస్తారు? తలుపు మళ్ళీ మూశాం... ఆయన ఇంకా ఊదుతూనే ఉన్నారు."

ఆ మాట వెనకాల సన్నగా, తెరిపి లేకుండా... గాలి.

ఎదురు కుర్చీలో ఆయన నావైపే చూస్తున్నారు. పెళ్ళైన నాటినుంచీ నన్ను "ఏమే" తప్ప మరోలా పిలవని మనిషి.

"ఎవరండీ ఫోన్‌లో?" అన్నారు మెల్లగా. "మేమంతా క్షేమంగా ఇల్లు చేరామని చెప్పండి."