చెప్పేదాకా ఆగు

మార్కాపురంలో కోటేశ్వర్లు కిరాణా దుకాణానికి ఒక పేరుంది. గిరాకీ గడప ఎక్కేసరికే ఆయన చేతిలో పొట్లం సిద్ధంగా ఉంటుంది. ఎవరింట్లో ఏ పప్పు ఉడుకుతుందో, ఎవరికి ఏ టీపొడి పడుతుందో ఆయనకు తెలుసు. "మనిషి నోరు తెరిచి అడిగేదాకా ఉంటే అదేం వ్యాపారం?" అంటుండేవాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య అది. ఆ విద్య మీదే ఇల్లు నిలబడింది కాబట్టి ఆయన గర్వాన్ని తప్పు పట్టేవాళ్లు లేరు.

ఆ ఉదయం కూడా దుకాణం ముందు నీళ్లు చల్లి, పటాలకు అగరొత్తులు వెలిగించి, గల్లాపెట్టెకు దణ్ణం పెట్టుకుని కూర్చున్నాడో లేదో తర్లుపాడు ఆటో వచ్చి ఆగింది. పిచ్చమ్మ దిగింది. ఆమె మెట్టు ఎక్కేలోపే కందిపప్పు, చింతపండు, బెల్లం, టీపొడి వరసగా సంచిలో పడిపోయాయి. చివరగా ఆమె మొగుడు మాలకొండయ్య కాల్చే బీడీ కట్టలు పైన పెట్టాడు కోటేశ్వర్లు.

"అది కాదన్నా, ఈసారి..."

"తెలుసులే పిచ్చమ్మా, బెల్లం పాతది అడుగుతావు. పాతదే ఏసినా."

పిచ్చమ్మ ఇంకేదో అనబోయింది. అవతల ఆటో హారన్ మోగింది. సంచి ఎత్తుకుని వెళ్లిపోయింది.

దుకాణానికీ ఇంటికీ మధ్య పూలపూల గుడ్డ తెర ఒకటి వేలాడుతుంటుంది. ఆ తెర వెనక చక్రాల కుర్చీలో కోటేశ్వర్లు కూతురు కూర్చుని ఉంటుంది. పేరు రామతులసి, ఇంట్లో తులసి. ముప్పై దాటిన మనిషి. పుట్టినప్పుడు ఊపిరి సరిగా ఆడక కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి. మాట వస్తుంది గానీ, ఒక్కో మాట బయటపడాలంటే ఒళ్లంతా కష్టపడాలి. బుర్ర మాత్రం పాదరసం. పొద్దస్తమానం తెర వెనక కూర్చుని దుకాణంలో జరిగే ప్రతి బేరం వింటుంది.

"నాయనా... పి...చ్చ..."

"ఆకలేస్తాందా తల్లీ? ఏమే రాజ్యలక్ష్మీ, బిడ్డకు టిఫిన్ పెట్టు."

పిచ్చమ్మత్త ఏదో చెప్పబోయింది, వెనక్కి పిలువు అని తులసి చెప్పాలనుకుంది. అది చెప్పేలోపు నోట్లో ఇడ్లీ ముక్క పడింది. ఇక తినక ఏం చేస్తుంది?

ఇంత ప్రేమ ఎవరింట్లో ఉంటుంది చెప్పండి. దాహం వేయకముందే నీళ్లు, చెమట పట్టకముందే ఫ్యాను, మాట పూర్తికాకముందే జవాబు. తులసి మొదలుపెట్టిన మాటను చివరిదాకా వినే మనిషి ఆ ఇంటికి వారానికి ఒక్కసారే వచ్చేది. ఆమె యేసుమణి. నడవలేనివాళ్ల ఇళ్లకు వెళ్లి వ్యాయామం చేయించే సంస్థలో పనిచేస్తుంది. ఆ రోజు ఆమె వచ్చేసరికి కోటేశ్వర్లు మంచి హుషారు మీద ఉన్నాడు.

"ఆదివారం మా తులసి ఒంగోలు పోతాంది. మా రాఘవ కింద గది కట్టిచ్చినాడు. ఏసీ, టీవీ, బాత్రూములో పట్టుకునేదానికి కడ్డీలు, అన్నీ పెట్టిచ్చినాడు. మీ పిన్నమ్మకు నడుం పోయింది, ఇంగ ఈ బిడ్డను ఎత్తలేదు. మేమూ పెద్దోళ్లమైతిమి."

"మంచిది బాబాయ్. తులసక్క ఏమన్నది?"

"ఏమంటది? సొంత అన్న దగ్గరికే గదా పోయేది."

"అడిగినారా అంటాన్నా."

కోటేశ్వర్లు మొహం ముడుచుకుంది. "చూడు యేసుమణీ. ముక్కూ మొహం తెలీనోడు వచ్చి నిలబడినా వానికేం కావాల్నో చెప్తా నేను. నా కడుపున పుట్టినదానికి ఏం కావాల్నో నాకు తెలీదా?"

"తెలిసే ఉంటది. అయినా ఒక మాట అడిగితే పోయేదేముంది బాబాయ్?" అని ఆమె తెర పక్కకు నెట్టి లోపలికి వెళ్లింది. కుర్చీ పక్కన నేలమీద చతికిలబడి తులసి మొహంలోకి చూసింది. "చెప్పక్కా. నాకేం తొందర లేదు."

తులసి చాలాసేపు మాట్లాడింది. దుకాణంలో గిరాకీ ముసురుకోవడంతో కోటేశ్వర్లు ఆ వైపు చెవి పెట్టలేదు. వెళ్లేటప్పుడు యేసుమణి, "ఆదివారం నేనూ వస్తా బాబాయ్. అక్క రమ్మన్నది," అంది. ఏం చెప్పిందని రాజ్యలక్ష్మి అడిగితే, "ఆమె మాట ఆమే చెప్తది పిన్నమ్మా, నేను మధ్యలో ఎందుకు?" అని చెప్పులు తొడుక్కుంది.

ఆదివారం వీరరాఘవ కారు వచ్చింది. ఒంగోలులో మందుల షాపు నడుపుతాడు. మంచివాడు, తొందర మనిషి, అచ్చం తండ్రి పోలిక. అతని భార్య పార్వతి దిగీదిగగానే తులసి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. సూట్‌కేసు నిండింది, దిండు కారెక్కింది. రాఘవ కుర్చీ వెనక పిడి పట్టుకుని తోశాడు. కదల్లేదు. తులసి ఎడమచేతిని చక్రం బ్రేకు మీద బిగించి పట్టుకుని ఉంది.

"నేను... మాట్లాడా...ల."

రాజ్యలక్ష్మి నీళ్ల గ్లాసు తెచ్చింది. పార్వతి ఫ్యాను పెంచింది. రాఘవ నడుము వెనక మెత్త సర్దాడు. కోటేశ్వర్లు, "బస్సులో కాదమ్మా, కారులోనే పోయేది, భయమెందుకు?" అని ఎవరూ అడగనిదానికి జవాబు చెప్పాడు.

గోడకు ఆనుకుని నిలబడ్డ యేసుమణి ముందుకొచ్చింది. "పిన్నమ్మా, ఆ గ్లాసు దించు. అక్క దాహమనలా. అందరూ కూర్చోండి. ఆమె చెప్పేదాకా ఎవురూ పలక్కండి, అంతే నేను అడిగేది."

కూర్చున్నారు. కోటేశ్వర్లు పెదవులు వాటంతటవే కదులుతున్నాయి, కూతురి మాట తనే పూర్తిచేసేయాలని. కండువా కొస నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను... ఒంగోలు... పోను." తులసి మెడ నరాలు ఉబ్బాయి. ఊపిరి తీసుకుని మళ్లీ అందుకుంది. "దుకాణంలో... కూర్చుంటా. ముందర. తెర... ఎనక... కాదు."

రాఘవ లేచి నిలబడ్డాడు. "ఇదేంది తులసీ? ఆ గదికి టైల్స్ కాణ్నించి నేనే ఎంచినా. నీ కుర్చీ తిరగాలని మీ వదిన వంటిల్లు చిన్నది చేసుకున్నది. ఇప్పుడు పోనంటే నేనేం కావాల?" కోపం కంటే బాధే ఎక్కువ ఉంది అందులో.

"గది... బాగుంటది... అన్నా. నన్ను... అడిగి... కట్టలా."

రాఘవ కూర్చుండిపోయాడు. ఈసారి పార్వతి మెల్లగా అడిగింది. "మరి నిన్ను ఎత్తేదెవురు తులసీ? అత్తయ్య ఇంగ చెయ్యలేదు గదా."

"ఆదెమ్మ. ఎనక... ఈదిలో... ఉంటది. యేసుమణితో... అడిగిచ్చినా. పొద్దునా... సాయంత్రం... వస్తానంది. నా పింఛను... లోంచి... నేనే... ఇస్తా."

రాజ్యలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నా చెయ్యి పరాయిదైపోయిందా తల్లీ నీకు?"

"నీ చెయ్యి... గాదమ్మా. నీ... నడుము. నువ్వు... పడిపోతే... నాకు... అమ్మ... ఏది?"

ఆ మాటతో తల్లి కూతురి ఒళ్లో తలపెట్టి ఏడ్చేసింది. బిగుసుకున్న ఆ చెయ్యే నెమ్మదిగా పాక్కుంటూ వచ్చి ఆమె జుట్టు మీద ఆగింది.

కోటేశ్వర్లు కండువా తీశాడు. "అంతా బాగానే ఉంది. దుకాణం ముందర కూర్చుంటే జనం నిన్ను ఎగాదిగా చూస్తారమ్మా. మాట లేటైతే నవ్వుతారు. నేను చూళ్లేను తల్లీ. అందుకే గదా ఆ తెర కట్టింది. ఒకవేళ నవ్వకపోయినా, నువ్వు ఏం కావాలని అడిగేదాకా గిరాకీ ఆగుతాదా? ఎదురు దుకాణానికి పోతారు."

తులసి జవాబు చెప్పేలోపే బయట ఆటో ఆగింది. పిచ్చమ్మ గొంతు వినిపించింది. "కోటేశ్వర్లన్నా, ఉండావా?"

ఇల్లు తగలబడుతున్నా గిరాకీ గిరాకీయే. కోటేశ్వర్లు కళ్లు తుడుచుకుంటూ దుకాణంలోకి వెళ్లాడు. కందిపప్పు, చింతపండు, బెల్లం, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"అన్నా," అంది తులసి. "నన్ను... తోయి. దుకాణం... లోకి."

రాఘవ ఒక్క క్షణం చెల్లెలి మొహం చూశాడు. వంగి తనే బ్రేకు వదిలించాడు. కుర్చీ తెర దాకా వెళ్లి ఆగింది, గుడ్డ చక్రంలో చిక్కుకుంది. రాఘవ దాన్ని చక్రంలోంచి విడిపించి, భుజం మీదికి ఎత్తిపట్టి కుర్చీని ముందుకు తోశాడు. తులసి గల్లాపెట్టె పక్కకు, వెలుతురులోకి వచ్చింది.

"నాయనా... ఆగు."

కోటేశ్వర్లు చేతిలో బీడీ కట్టలు అలాగే ఆగిపోయాయి. తులసి పిచ్చమ్మ వైపు తిరిగింది. ఎన్నో ఏళ్లుగా గొంతు మాత్రమే ఎరిగిన మనిషిని ఇప్పుడు సూటిగా చూస్తోంది.

"ఏం... కా...వాల... అత్తా?"

ఆ మాటకు చాలాసేపే పట్టింది. పిచ్చమ్మ నవ్వలేదు, ఎదురు దుకాణానికీ పోలేదు. వాన కోసం ఆకాశం చూస్తూ బతికే మెట్ట రైతు ఆమె, ఆగడం ఆమెకొక లెక్క కాదు. చేతిలో సంచి కిందపెట్టి అరుగు మీద తీరిగ్గా కూర్చుంది.

"ముందు ఆ బీడీలు తీసెయ్ తల్లీ. మీ మామ ఉగాదికే మానేసినాడు, రొమ్ములో నెమ్ము చేరిందని. మీ నాయన ఏస్తానే ఉండాడు, నేను ఆటోవాళ్లకు పంచుకుంటా పోతాన్నా."

లోపల పార్వతికి నవ్వాగలేదు. పిచ్చమ్మ కొనసాగించింది.

"ఇంకోటి. మా మనవరాలి పెండ్లి కుదిరింది. సరుకులు శానా కావాల. పోయినసారే చెప్దామని వచ్చినా. కుదర్లా. ఇంగ ఎదురు దుకాణంలోనే చెప్పుకుందామనుకుంటిమి గానీ, పాత సంబంధం, ఇంకోమారు చూద్దామని వచ్చినా."

"ఇన్నాళ్లూ చెప్పలేదేంది పిచ్చమ్మా?" అన్నాడు కోటేశ్వర్లు.

"చెప్పనిస్తివా అన్నా?"

కోపంగా అనలేదు ఆమె. ఉన్నమాట అన్నది. కోటేశ్వర్లు చేతిలోని బీడీ కట్టలను చూసుకున్నాడు. అందరి మనసూ ముందే తెలుసనుకున్న మనిషి, ఉగాది నుంచీ ఒక ఇంటికి అక్కర్లేని సరుకు కట్టి పంపుతున్నాడు. గిరాకీ విషయంలోనే ఇంత తప్పితే, తెర వెనక కూర్చున్న బిడ్డ విషయంలో ఎంత తప్పి ఉంటుంది? పుట్టిన దగ్గర్నుంచీ ఆమెకు తనకు తోచిందే కట్టి ఇస్తూ వచ్చాడు. విప్పి చూసుకుని వద్దనేందుకు ఆమెకు సందే ఇవ్వలేదు. ఆయన కుర్చీ ముందు నేలమీద కూలబడ్డాడు.

"నీకు ఇంగా ఏమేం తప్పు కట్టిచ్చినా తల్లీ?" అని అడిగాడు. కన్నీళ్లు మీసాల్లోకి కారుతున్నాయి.

తులసి కళ్లూ నిండాయి, అయినా నవ్వింది. "శానా... ఉండాయి... నాయనా. నిదానంగా... చెప్తా."

ఆ సాయంత్రం తెరను కోటేశ్వర్లే మేకుతో సహా పీకేశాడు. సూట్‌కేసు కారులోంచి మళ్లీ ఇంట్లోకి వచ్చింది. "దసరాకు... వస్తా... అన్నా. నీ గది... చూడాల," అని తులసి అంటే, రాఘవ మొహం వెలిగింది. ఊరికే పోలేదు అతను. వడ్రంగిని పిలిపించి, బల్ల ఎంత ఎత్తు ఉండాలో చెల్లెల్ని అడిగి, ఆమె చెప్పేదాకా గడపలో కూర్చున్నాడు. ఆమె మనసు మార్చుకుంటే మళ్లీ కోయించాడు. గల్లా ఎడమవైపుకు మారింది. మెట్టు పక్కన వాలుగా సిమెంటు పోయించారు. ఆదెమ్మ వచ్చిన మొదటి రోజు రాజ్యలక్ష్మి ఆమె వెంట వెంటే తిరిగి, అట్ల పట్టుకో, ఇట్ల పట్టుకో అని చెప్పబోతే, ఆదెమ్మ తులసినే అడిగింది ఎట్ల పట్టుకోవాలని. రాజ్యలక్ష్మి చాలా ఏళ్ల తర్వాత ఆ పూట కాఫీ కూర్చుని తాగింది.

మంచిరోజు చూసి తులసిని గల్లా దగ్గర కూర్చోబెట్టారు. ఒంగోలు నుంచి రాఘవ, పార్వతి వచ్చారు. పెండ్లి సరుకుల కోసం పిచ్చమ్మ మొగుణ్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. యేసుమణి, ఆదెమ్మ, ఎదురు దుకాణం అతను, వీధిలో సగం మంది అరుగు ముందు పోగయ్యారు. అందరూ తులసినే చూస్తున్నారు. తులసి కూడా అందర్నీ చూస్తోంది, తల ఎత్తుకుని.

ఎవరు బోణీ చేయాలన్న మాట వచ్చింది. కోటేశ్వర్లు ఏమీ అనకుండా అగరొత్తుల పళ్లెం కింద పెట్టి, దుకాణం దిగి, చుట్టూ తిరిగి వచ్చి వీధి వైపు నిలబడ్డాడు. సొంత దుకాణానికి గిరాకీగా రావడం ఆయనకు అదే మొదలు.

తులసి ముందుకు వంగింది. "ఏం... కావాల... నాయనా?"

కోటేశ్వర్లు నోరు తెరిచాడు. మాట రాలేదు. చెయ్యెత్తి ఏదో చూపించబోయి, అదీ చేతకాక నిలబడిపోయాడు. జనం కదిలారు. రాఘవ ఆగలేక, "పటికబెల్లం అడగబోయినాడేమో, ఆ డబ్బా తియ్..." అన్నాడు.

"ఆగన్నా," అంది తులసి. "ఆయన్ని... చెప్పనీ."

అందరూ ఆగారు. వచ్చిన ఆటో కూడా హారన్ కొట్టకుండా ఆగింది. కోటేశ్వర్లు కండువాతో మొహం తుడుచుకున్నాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. తులసి తొందరపెట్టలేదు. తన కోసం ఒకరు ఆగితే ఎట్లుంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది.

"పటికబెల్లమే... తల్లీ," అన్నాడు చివరికి. "ఈదికంతా పంచేదానికి."

తులసి నవ్వుతూ ఎడమచెయ్యి చాపి డబ్బా అందుకుంది.